ఊరి కైఫియతు ఎవరు వ్రాయాలి?

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల అనే ఊరు వుంది. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనాన్ని, ఇంతవరకు లభించిన తెలుగు శాసనాలలో మొట్టమొదటిదిగా పండితులు లెక్కిస్తున్నారు. అది రేనాటి చోళులనాటిది, కాలం క్రీ.శ. 575 ప్రాంతం. తెలుగుభాష మొదట రాతికెక్కింది రాయలసీమలోనే అని మనం గర్వపడుతూ వుంటాం. గర్వపడదగిన సంగతే. అయితే ఆ గర్వంలో ఒక విషయం మరిచిపోతాం. శాసనమంటే ఆజ్ఞ. రాజు చెప్పాడు, శిల్పి చెక్కాడు, ఊరు విన్నది. చదివినవాడికి దానికింద ‘ఇది ఇట్లా కాదు’ అని ఒక ముక్క చెక్కే హక్కు లేదు.

ఇంటర్నెట్ మన దేశంలో సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ తొలి సంవత్సరాలలో అది కూడా ఒక విధమైన శాసనమే. కంపెనీలు, పత్రికలు, ప్రభుత్వ శాఖలు తమకు కావలసింది అక్కడ చెక్కి వుంచేవి. మనం వెళ్లి చదువుకొని తిరిగివచ్చేవాళ్లం. కొద్ది సంవత్సరాలలోనే పరిస్థితి తలకిందులయింది. 2001లో వికీపీడియా, 2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్ పుట్టాయి. వీటికి సొంత సరుకంటూ లేదు. చదవడానికో చూడడానికో వచ్చినవాడే వ్రాయాలి, బొమ్మ పెట్టాలి, పక్కవాడు వ్రాసినదానికి జవాబు చెప్పాలి. అతను చేయి ఆపితే ఆ స్థలాలు బీళ్లు. 2006 చివర అమెరికాలోని ‘టైమ్’ వారపత్రిక ఆ సంవత్సరపు విశిష్టవ్యక్తి ‘మీరే’ అని ప్రకటించి, చదువరికి తన ముఖం తనకు కనిపించేటట్టు అట్టమీద అద్దంవంటి రేకు వేసింది.

నాటినుంచి ఒక మాట విరివిగా వినిపిస్తున్నది: చదువరి రచయిత అయ్యాడనీ, అక్షరం ప్రజల సొత్తు అయిందనీ. ఈ మాట సగమే నిజమని నా అభిప్రాయం. చేతికి కలం వచ్చిన మాట వాస్తవం. కాని కలం వచ్చినంతమాత్రాన వ్రాసినవాడి మాటకు సాక్ష్యమనే విలువ వచ్చిందా? అతను వ్రాసిన కాగితం అతనిదయిందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ప్రజాస్వామ్యమనే పెద్దమాట వాడడం తొందరపాటు. జవాబుకోసం ఎక్కడికో పోనక్కరలేదు. కర్నూలు, కడప సీమల ఊళ్లు ఇదివరకొకసారి తమ కథ తాము చెప్పుకొన్నాయి. ఆ అనుభవం ముందు చూద్దాం.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా వుండి భూములు కొలిపించాడు, శిస్తులు కట్టించాడు. భూమి లెక్క తేలింది. ఊరి చరిత్ర తేలవలసి వుంది. ఆ పనికి పూనుకొన్నవాడు కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులవంటి తెలుగు ఉద్యోగుల సాయంతో, ఊరూరా మనుషులను తిప్పి, అతను వ్రాయించిన వృత్తాంతాలే కైఫియత్తులు. ఏ అడవి కొట్టి ఏ ఊరు కట్టారు, ఏ ప్రభువు ఏ గుడికి ఏ మాన్యం వదిలాడు, ఎవరి తరువాత ఎవరి దొరతనం వచ్చింది అనే సంగతులు వాటిలో వుంటాయి. కరణాల దగ్గరి దండకవిలెలు, గుళ్లలోని శాసనాలు, పెద్దల నోటిమాటలు వాటికి ఆధారం.

మెకంజీ 1821లో చనిపోయాడు. అంతకు ముందు సంవత్సరమే, 1820లో, సి.పి. బ్రౌన్ కడపకు ఉద్యోగిగా వచ్చాడు. అతను అక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి శుద్ధప్రతులు వ్రాయించిన కథ తెలుగు చదివినవారందరికీ తెలుసు. ఆ బంగళా వున్నచోటనే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల ఫలితంగా, ఇవాళ బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం వున్నాయి. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేయించింది ఆ కేంద్రమే. ఈ సేవను తక్కువచేసి మాట్లాడడం కృతఘ్నత అవుతుంది. ఆ వ్రాతలే లేకుంటే అనేక గ్రామాల వెనకటి సంగతి మనకు చీకటి.

కాని విమర్శకుడు కృతజ్ఞతతో ఆగిపోకూడదు. కైఫియతులో ఊరు మాట్లాడుతుందని అంటారు. ఊరంటే ఎవరు? కరణం మాట్లాడాడు, రెడ్డి మాట్లాడాడు, పూజారి మాట్లాడాడు. మాలవాడ మాట్లాడిందా? చెరువు తవ్వించినవాడి పేరు, వాడి తండ్రి పేరు, గోత్రం వుంటాయి. తట్ట మోసినవాళ్ల పేర్లు వుండవు. ఒక ఆడమనిషి పేరు రావాలంటే ఆమె రాణి అయినా కావాలి, సతి అయినా కావాలి. పైగా ఆ వ్రాత ఊరికోసం వ్రాసింది కాదు. కొత్త దొరతనానికి దేశం అర్థం కావడంకోసం వ్రాసింది. కాగితాలు బండ్లకెక్కి మద్రాసుకు పోయాయి, కొన్ని లండన్‌కు పోయాయి. తన ఊరిని గురించి ఏమి వ్రాశారో ఊరివాడు చూడలేదు. తప్పు పడితే దిద్దే దారి అతనికి లేదు. ఊరు తన కథ చెప్పింది. అయితే నోరు కరణానిది, కాగితం కంపెనీది.

రెండువందల ఏళ్ల తరువాత మళ్లీ ఊరూరి చరిత్ర వ్రాసే పని మొదలయింది. ఈసారి దొర లేడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయింది. తొలిరోజులలో దానికి పూనుకొన్న వెన్న నాగార్జున, తెలుగు లిపిని ఇంగ్లీషు మీటలతో వ్రాసుకొనే ‘పద్మ’ అనే సాధనాన్ని తయారుచేశాడు. 2006లో వచ్చిన ‘లేఖిని’ ఆ పనిని ఇంకా సులభం చేసింది. ఆ రెండు మూడేళ్లలో ఆంధ్రదేశంలోని దాదాపు ప్రతి రెవిన్యూ గ్రామానికీ ఒక పుట ఏర్పడింది. మొదట అవి ఊరి పేరు, మండలం పేరు తప్ప మరేమీ లేని ఖాళీ పుటలు. తరువాత స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు 2011 జనాభా లెక్కల వివరాలు వాటిలో చేర్చారు. ఇవాళ ఆ విజ్ఞానసర్వస్వంలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. దానికి ఎవరూ ఎవరికీ జీతమివ్వలేదు.

ఈ మార్పు చిన్నది కాదు. కైఫియతుకు లేని మూడు గుణాలు ఈ పుటకు వున్నాయి. ఒకటి, చదివినవాడు అక్కడే దిద్దవచ్చు. రెండు, దిద్దిన ప్రతి అక్షరానికీ లెక్క వుంటుంది. ఏ తేదీన, ఏ పేరుతో, ఏ వాక్యం తీసి ఏ వాక్యం పెట్టారో ఎవరైనా వెనక్కు తిప్పి చూడవచ్చు. దాని పక్కనే చర్చకు వేరే పుట వుంటుంది. మూడు, ఆ వ్రాత ఎవరి సొత్తూ కాదు. యంత్రాలు వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని అమెరికా సంస్థవే అయినా, వ్రాతను ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. ఎక్కడినుంచి తెచ్చారో చెప్పాలి, తామూ అదే స్వేచ్ఛ ఇతరులకివ్వాలి, అంతే షరతు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయి, కర్నూలునుంచి నంద్యాల, కడపనుంచి కొంత భాగం అన్నమయ్య జిల్లా కిందికి పోయినప్పుడు, వేలాది ఊళ్ల పుటలలో జిల్లా పేరు మార్చవలసి వచ్చింది. ఆ మార్పు వ్రాసింది తహసీల్దారు కచేరీలోని గుమాస్తా కాదు. పగలు తమ పని చూసుకొని రాత్రిపూట కూర్చొన్న సామాన్యులు.

కనుక దొర లేని కైఫియతు సాధ్యమయిందని చెప్పాలి. కాని ఆ పుటలలో ఏమున్నదో చదివి చూస్తే మరొక ఆలోచన కలుగుతుంది.

ఒక మాదిరి గ్రామపుట ఇట్లా వుంటుంది. జనాభా ఎంత, అక్షరాస్యులెందరు, బడి వుందా, ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్ల దూరం, బస్సు వస్తుందా, కుళాయి వుందా, సాగుభూమి ఎన్ని హెక్టార్లు, బోరుబావుల కింద ఎంత. ఇది జనాభా లెక్కలనుంచి వచ్చిన భాగం. దాని తరువాతది మనుషులు తమంత తాము వ్రాసిన భాగం. చాలా పుటలలో అక్కడ రెండే శీర్షికలు కనిపిస్తాయి: ఊళ్లోని గుళ్లు, ఊళ్లో పుట్టిన ప్రముఖులు. ఇక్కడ నేను ఆశ్చర్యపడ్డాను. కలం ఎవరి చేతికైనా వచ్చింది. ఏమి వ్రాయాలో చెప్పే దొర లేడు. అడ్డుపడే కరణం లేడు. కరణాల వంశపారంపర్య ఉద్యోగమే 1984లో రద్దయింది. అయినా స్వేచ్ఛగా వ్రాయమంటే మనం వ్రాసింది మళ్లీ గుడి, మళ్లీ పెద్దమనిషి! మెకంజీ గుమాస్తా అడిగిన ప్రశ్నలకే, అతను పోయి రెండువందల ఏళ్లయినా, మనం జవాబులు చెబుతున్నాం.

అందులో లేనిదేమిటి? కర్నూలు జిల్లా పడమట కోసిగి, పెద్దకడుబూరు, ఆలూరు వైపు ఊళ్లనుంచి ఏటా వేలమంది పిల్లాపాపలతో గుంటూరు ప్రాంతానికి మిరపకోతలకు పోతారు. అక్కడి భాషలో దానిని సుగ్గికి పోవడమంటారు. ఊరి పుటలో హెక్టార్లున్నాయి. ఏ నెలలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడుతాయో, బడిలో ఎన్ని పలకలు ఖాళీ అవుతాయో లేదు. కుళాయి వుందని వుంది. ఆ కుళాయి ఏ వీధిలో వుందో లేదు. పాత మంచినీళ్ల బావి బొమ్మ వుంటుంది. దాని గిలకమీద ఎవరు చెయ్యి వేయగూడదని ఒకప్పుడు కట్టడి వుండేదో లేదు. చేరిస్తే ఊరి పరువు పోతుందనుకొంటాడు వ్రాసేవాడు. ఊరి పరువును రెడ్డి పరువుతో, గుడి పరువుతో సమానం చేసుకొన్న మనస్సు అది. యంత్రం మారినంత తొందరగా మనస్సు మారదు.

దీనికి సులభమైన కారణం ఒకటి చెప్పవచ్చు. వ్రాసేవాళ్లు కొందరే. 2011 లెక్కల ప్రకారం కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 60 మంది; ఆడవాళ్లలో ఇంచుమించు సగం మందికే అక్షరాలు వచ్చు. సుగ్గికి పోయే ఇల్లాలు ఊరి పుట వ్రాయదు. కాని ఇది పూర్తి కారణం కాదు. ఆమె కొడుకు చదువుకొని వ్రాయవచ్చాడనుకోండి. అతను ‘మా అమ్మ ఏటా మూడు నెలలు గుంటూరు జిల్లాలో గుడిసె వేసుకొని వుంటుంది, మా వీధిలో అందరూ అంతే’ అని వ్రాస్తే ఆ వాక్యం నిలుస్తుందా? నిలవదు. ‘దీనికి ఆధారమేమిటి?’ అని మరొకరు అడుగుతారు. అచ్చయిన పుస్తకమో, పత్రికో, ప్రభుత్వ నివేదికో చూపించాలి. అమ్మ ఆధారం కాదు. వాడ ఆధారం కాదు.

ఈ నిబంధనను నేను ఎగతాళి చేయడం లేదు. అది లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఒక రాజవంశాన్ని తమ కులంలో కలుపుకోవడానికి ఒకరు, దానిని లాక్కొని తమ కులంలో పెట్టుకోవడానికి మరొకరు ఆ పుటలమీద చేసే యుద్ధాలు చూచినవారెవరూ ఆధారం అక్కరలేదని అనరు. అయితే ఆధారమంటే అచ్చు అయినప్పుడు, అచ్చు ఎవరి చేతిలో వున్నదనే ప్రశ్న రాక తప్పదు. అన్ని పక్షాల మాటా చెప్పి తటస్థంగా వుండాలనేది ఆ విజ్ఞానసర్వస్వపు మరొక సూత్రం. మంచి సూత్రమే. కాని ఒక పక్షం అచ్చులో వుండి, మరొక పక్షం నోటిలో మాత్రమే వున్నప్పుడు, ఆ తటస్థత అచ్చయినవాళ్ల మధ్య తటస్థతే అవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె దగ్గర కేంద్రప్రభుత్వపు యురేనియం గని, శుద్ధి కర్మాగారం వున్నాయి. కర్మాగారపు వ్యర్థాలు నిలవచేసే చెరువు సమీపంలోని రైతులు తమ బోరునీళ్లు చెడిపోయాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ, ఒళ్లు దద్దుర్లెక్కుతున్నదనీ ఏళ్ల తరబడి మొరపెట్టుకొన్నారు. దోషం తమది కాదని కార్పొరేషన్ చెబుతూ వచ్చింది. కార్పొరేషన్ మాట నివేదికగా వుంటుంది, దానికి అంకెలుంటాయి, ముద్ర వుంటుంది. రైతు మాట నాలుగు రోజులు పత్రికలో వస్తుంది, తరువాత రాదు. బోరునుంచి నీళ్లు బిందెలో పట్టి, అడుగున పేరుకొన్న తెల్లటి ముద్దను వేలితో తీసి చూపించేవాడు సాక్షా, కాదా? న్యాయస్థానంలో అతను సాక్షే. ఊరి పుటలో కాదు. ఇది ఒక్క వెబ్‌సైటు చిక్కు కాదు. జ్ఞానానికి మనం పెట్టుకొన్న కొలతలోనే వున్న చిక్కు. నోటిమాటను కరణం వ్రాస్తే చరిత్ర అయింది. అదే మాటను కూలీ చెబితే ఫిర్యాదు అయింది. నాడూ అంతే, నేడూ అంతే.

తన మాట ఒకచోట నిలవనివాడు ఊరకుండడు. నిలిచేచోటికి పోతాడు. అతని జేబులో ఫోను వుంది. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయిన తరువాత, గొర్రెల కాపరి దగ్గరకూడా ఫోను వుంది. దానితో వ్రాయడానికి అక్షరాలైనా అక్కరలేదు. మాట్లాడితే చాలు, చూపిస్తే చాలు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి మొదలైన ఊళ్లమీద పడి మనుషులను, పశువులను తుడిచిపెట్టినప్పుడు, ఆ నీటి ఉధృతం లోకానికి తెలిసింది చాలావరకు సామాన్యుల ఫోన్లలోని బొమ్మలవల్లనే. ఆధారమేమిటని ఆనాడు ఎవరూ అడగలేదు. రాయలసీమ అంటే వేటకొడవళ్లూ, గాలిలోకి లేచే జీపులూ అని ఇరవై ఏళ్లు సినిమాలు చూపించినదానికి బదులుగా, తన యాస సిగ్గుపడవలసినది కాదని ఒక కుర్రవాడు తన జొన్నచేనులో నిలబడి చెప్పగలగడం కూడా ఈ ఫోనువల్లనే. ఈ మేలు తోసిపుచ్చేది కాదు.

కాని కాగితం ఎవరిదన్న రెండవ ప్రశ్న ఇక్కడ అడ్డం వస్తుంది. 2006లో గూగుల్ కంపెనీ యూట్యూబ్‌ను 165 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నదేమిటి? యంత్రాలకు, కొద్దిమంది ఉద్యోగులకు అంత ధర లేదు. ప్రపంచంలోని ముక్కూమొహం తెలియని వాళ్లు వుంచిన బొమ్మలకు, వాటిని చూడడానికి అలవాటుపడిన కళ్లకు ఆ ధర. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అమ్ముడుపోయింది కూడా మన పలకరింపులే. మన ప్రాంతంలో భూమిలేని రైతు కోరుకు చేస్తాడు; పండినదాంట్లో వాటా ఆసామికి కొలుస్తాడు. తాను కోరుకు చేస్తున్నానని అతనికి తెలుసు, వాటా ఎంతో తెలుసు. ఇక్కడ దున్నేవాడికి తాను దున్నుతున్నానన్న సంగతే తెలియదు. ఊరికే కాలక్షేపం చేస్తున్నాననుకొంటాడు. ఎక్కువ పండించిన కొందరికి యూట్యూబ్ వాటా ఇస్తుంది. మిగిలినవాళ్లది వెట్టి. 2022 తరువాత మరొకటి వచ్చింది. లోకమంతా వ్రాసిన వ్రాతలనే మేసి, మనిషిలా వ్రాసే యంత్రాలు అమ్మకానికొచ్చాయి. గ్రామపుటలవంటి ఉమ్మడి వ్రాతలు కూడా ఆ మేతలో వున్నాయి. వ్రాసినవాడి పేరు మాత్రం ఆ జవాబులలో ఉండదు. తట్ట మోసినవాడి పేరు చెరువు కైఫియతులో లేనట్టే!

ఆస్తి మాట అట్లా వుంచినా, ఆసామి చేతిలో ఇంకొక అధికారం వుంది. ఎవరి మాట ఎందరికి కనబడాలో నిర్ణయించేది అతని యంత్రం. ఆ యంత్రానికి నిజంతో పని లేదు. మనిషి ఎంతసేపు కళ్లప్పగించి కూర్చొంటాడన్నదే దానికి ముఖ్యం. కోపం మనిషిని కూర్చోబెట్టినంతగా ఆలోచన కూర్చోబెట్టదు. అందుచేత బోరునీళ్ల రైతు బొమ్మ నాలుగు గంటలలో అడుక్కు పోతుంది. ఇద్దరు నాయకుల అభిమానుల బూతులు నాలుగు రోజులు పైన తేలుతాయి. మన సీమలో ఈ బూతులకు ఒక ప్రత్యేకత వుంది. వెనక నాయకుడికోసం నాటుబాంబు పట్టిన కుర్రవాడి తమ్ముడు ఇవాళ అదే నాయకుడికోసం ఫోను పట్టాడు. రక్తం కారకపోవడం మేలే. కాని ఆ దాస్యం అదే దాస్యం. దానిని ప్రజల భావప్రకటన అని పిలిచేవాళ్లు ప్రజలనూ ఎరగరు, భావాన్నీ ఎరగరు.

అన్నిటికన్నా భయంకరమైనది జవాబుదారీ లేకపోవడం. 2018 వేసవిలో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో పుట్టి తెలుగు రాష్ట్రాలను, దేశాన్ని చుట్టింది. భాష రానివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, ఊరికి కొత్తవాళ్లు అనేకచోట్ల దెబ్బలు తిన్నారు. దేశంలో పలువురు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. ఆ సంవత్సరం జులైలో ఆ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా కట్టడి చేసింది. కట్టడి మంచిదే. అయితే ఆ వాక్యం మొదట ఎవరు వ్రాశారు? తెలియదు. ఎవరు దిద్దవచ్చు? ఎవరూ దిద్దలేరు. గ్రామపుటలో తప్పు వ్రాస్తే దానికింద తేదీ వుంటుంది, దిద్దినవాడి గుర్తు వుంటుంది, వాదన వుంటుంది. ఇక్కడ మాటకు తల్లీతండ్రీ లేరు. నమ్మి పంపినవాడు ‘నాకు వచ్చింది, నేను పంపాను’ అంటాడు. పంపడం కూడా వ్రాయడమే. ఈ సంగతి ఒప్పుకోవడంతోనే ఈ కాలపు అక్షరనీతి ఆరంభమవుతుంది.

ఇట్లా చెబితే కొందరు మిత్రులు వెంటనే ఒక పరిష్కారం చూపిస్తారు: ‘అందరూ వ్రాయడమే పొరపాటు, తెలిసినవాళ్లు వ్రాయాలి, మిగిలినవాళ్లు చదవాలి.’ మరికొందరు ప్రభుత్వం అదుపు పెట్టాలంటారు. రెండవవాళ్లకు జవాబు చరిత్రే చెప్పింది. ఆన్‌లైన్ వ్రాతకు జైలు చూపించిన సమాచార సాంకేతిక చట్టపు 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. చికాకు కలిగించడంకూడా నేరమన్న ఆ సెక్షను చివరికి ఎవరిమీద పడుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు. మొదటివాళ్లకు నా జవాబు ఇది: తెలిసినవాళ్లు మాత్రమే వ్రాసిన కాలం మనం చూశాం. కైఫియతు తెలిసినవాడు వ్రాసిందే. అబద్ధాలు వ్రాయలేదు, తనకు అక్కరలేని నిజాలను విడిచిపెట్టాడు. పుకారు మనిషిని ఒక్కరోజులో చంపుతుంది. విడిచిపెట్టడం ఒక వాడను తరతరాలుగా లేకుండా చేస్తుంది. మొదటి దానికి భయపడి రెండవ దానికి తిరిగిపోవడం వివేకం కాదు.

మరి దారి ఏది? అందరూ వ్రాయాలి, వ్రాసినదానికి ఆధారం కూడా వుండాలి. ఈ రెండింటికీ వైరం వున్నట్టు కనిపించేది, ఆధారాన్ని మనం సిద్ధంగా దొరికే వస్తువనుకొన్నంతకాలమే. ఆధారం ఆకాశంనుంచి పడదు. ఎవరో ఒకరు కూర్చొని తయారుచేస్తారు. కరణం దండకవిలె తయారుచేశాడు, మెకంజీ కైఫియతు తయారుచేశాడు, సర్కారు జనాభా లెక్క తయారుచేస్తుంది, కార్పొరేషన్ నివేదిక తయారుచేస్తుంది. వాడ తరఫున తయారుచేసేవాడు లేడు. ఆ పని సాహిత్యకారులది కాదా? ప్రజలపక్షం అని మనం ఇన్నేళ్లుగా చెప్పుకొంటున్నాం. కోసిగిలో సుగ్గి బండి ఎక్కే ఇల్లాలిని నాలుగు ప్రశ్నలడిగి, ఆమె చెప్పింది ఆమె మాటలలోనే, తేదీ వేసి, ఆమె ఒప్పుకొంటే పేరు వేసి, మన పత్రికలలో అచ్చువేయడానికి మనకేమి అడ్డం? అచ్చయిన మరునాడు ఆ వాక్యం ఆధారమవుతుంది. ఆమె కొడుకు దానిని ఊరి పుటలో చూపించవచ్చు. ‘ఎక్కడిది?’ అని అడిగినవాడికి సంచిక, పుట సంఖ్య చెప్పవచ్చు. ఇంటర్నెట్ వచ్చి చిన్న పత్రికకు కాలం చెల్లిందని అనుకొనేవాళ్లకు ఇది ఒక జవాబు. పత్రిక చేయవలసిన పని ఇప్పుడే పెరిగింది.

ఇందులోకూడా ఒక ప్రమాదం వుంది. అడిగి వ్రాసుకొనేవాడు మరొక మెకంజీ గుమాస్తా కాగలడు. చెప్పినామె బాధ ఆయన వ్యాసానికి ముడిసరుకై, కీర్తి ఆయనదై, కాగితం మళ్లీ బండెక్కి పోగలదు. అట్లా కాకూడదంటే, వ్రాసింది చెప్పినామెకు తిరిగి చదివి వినిపించాలి. ఆమె ‘ఇట్లా కాదు నాయనా’ అంటే దిద్దాలి. తాళపత్రానికి, కైఫియతుకు, సినిమాకు లేని ఆ హక్కును ఈ కొత్త యంత్రం మొదటిసారి మన చేతికిచ్చింది. చదివినవాడు కింద ఒక ముక్క చెక్కే హక్కు అది. దానిని మనం బూతులకూ, పుకార్లకూ, ఆసామి చేనుకు నీళ్లు పెట్టడానికీ వాడుతున్నాం. ఊరి పుట మాత్రం గుడి దగ్గరే ఆగిపోయి వుంది. గుడి దాటి, రెడ్డిగారి మేడ దాటి, కుళాయి లేని వీధిదాకా దానిని నడిపించవలసినవాళ్లం మనమే.